ఆయన నోట్లో మట్టి

4వ తేదీ, సోమవారం

ఆయన బతికే ఉన్నారు. మాట్లాడుతున్నారు కూడా. పొద్దున సిస్టర్ దుప్పటి మార్చడం ఆలస్యం చేస్తే "ఏం, పైనుంచి ఆర్డరు రావాలా?" అని కసిరారు. కసురుతున్నారంటే కులాసాగా ఉన్నట్టే. స్వామీ, నీ దయ.

నిన్న జరిగింది రాయను. రాయడానికేముంది. కలుపు మందు తాగారు. తాగుతానని ఎన్నోసార్లు బెదిరించినవారే. డబ్బా మూత తీసి పెదవులకు ఆనించుకుని నిలబడేవారు, నేనూ అమ్మాయీ కాళ్ళ మీద పడేదాకా. అమ్మాయి ఇల్లు విడిచి వెళ్ళాక నేనొక్కదాన్నే పడేదాన్ని. నిన్న పడలేదు. పొయ్యి మీద పాలున్నాయి.

నా ఎడమ చెయ్యి తలుపులో పడి నలిగింది. ఇక్కడే కట్టు కట్టారు.

సోమవారం, మళ్ళీ

డాక్టరమ్మ మా అమ్మాయి కంటే చిన్నదిలా ఉంది. ఏం తాగారని ఆయన్ని అడిగింది. ఆయన నా వైపు వేలు చూపించారు.

"నాకేం తెలుసు. ఇదే నోట్లో పోసింది. దాన్నే అడగండి."

వార్డంతా వింటోంది. పక్క మంచం మీది ముసలాయన మాస్కు పక్కకి జరుపుకుని మరీ విన్నాడు.

ఆయన పనే కలుపు చంపించడం. రైలు పట్టాల వెంట, గోదాముల ఆవరణల్లో ఆయన కింది మనుషులు మందు కొడతారు. పెద్ద పీపాలోంచి చిన్న డబ్బాలోకి వంచి ఇంటికి తెచ్చుకుంటారు. ఆ డబ్బా మీద పేరుండదు. అది ఏ మందో ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు. కానీ నేను పోశానని అన్నాక ఆ పేరు ఆయన నోట ఎలా వస్తుంది. నేనే చెప్పాను, కలుపు మందని.

"పురుగుల మందు కాదు కదా? అదైతే వైద్యం వేరు. పొరబడితే మనిషి దక్కడు."

"కాదమ్మా. ఇంట్లో ఉన్నది అదొక్కటే."

నా మాట నమ్మి ఊరుకోలేదు. మంచిదే. కంటిపాపల్లో టార్చి వేసి చూసింది. నాలుక చాపమంది. నాలుక మధ్యలో ఉడికినట్టు తెల్లగా ఉంది. తర్వాత ఆయన మూత్రం గాజు గొట్టంలో పోసి, ఏవో పొడులు కలిపి, కిటికీ వెలుతురులో పట్టుకుంది. చూస్తుండగానే నీలం తిరిగింది. అంత అందమైన రంగు ఆయన ఒంట్లోంచి వస్తుందని నేననుకోలేదు.

"మీరు చెప్పిందే నిజం," అంది. "లేత నీలం. ముదురు నీలమైతే మీతో వేరే మాటలు మాట్లాడాల్సి వచ్చేది."

వరండాలోకి తీసుకెళ్ళి మిగతావి చెప్పింది. "రెండు మూడు రోజులు బాగానే తిరుగుతారు, ఇంటికి పోతానంటారు. నమ్మకండి. ఈ మందు ముందు నోరు కాలుస్తుంది, తర్వాత కిడ్నీలు, ఆ తర్వాత నిమ్మళంగా ఊపిరితిత్తులు. రక్తం శుభ్రం చేసే మిషను మీద పెడుతున్నాం. ఇంకో మాట. ఆయాసం వచ్చి ఆక్సిజన్ అడుగుతారు. ఇవ్వకూడదు. ఈ మందు ఒంట్లో ఉండగా ఆక్సిజన్ పెడితే నిప్పుకి విసనకర్ర విసిరినట్టే, ఊపిరితిత్తులు ఇంకా తొందరగా కాలిపోతాయి."

"ఎంత అడిగినా?"

"ఎంత అడిగినా. ఇక తప్పదనుకున్నప్పుడు మేమే పెడతాం."

ప్రతి మంచం వెనకా గోడకి ఒక కుళాయి, దానికి మాస్కు వేలాడుతూ ఉంటాయి. ఆయన మంచం వెనక కూడా ఉంది.

5వ తేదీ, మంగళవారం

పోలీసాయన వచ్చాడు. మీసాలు పెద్దవి, గొంతు చిన్నది. మంచం పక్కన కుర్చీ వేసుకుని రాసుకున్నాడు. ఆయన చెప్పారు: పట్టుకుని పడేసింది, మందు పోసింది, అరవకుండా మట్టి కుక్కింది, పన్ను విరగ్గొట్టింది. పడేసిన మాట నిజం. మట్టి నిజం. పన్నూ నిజమే.

తర్వాత మీసాలాయన నన్ను పక్కకి పిలిచాడు. "మొగుడి నోట్లో మట్టి కొట్టిందని జనం అనుకోవడం విన్నాను గాని, నిజంగా కొట్టినావిడని ఇప్పుడే చూస్తున్నానమ్మా."

"కొట్టలేదండీ. పెట్టాను."

"ఎందుకు?"

"ఈ మందు మట్టికి తగిలితే చచ్చిపోతుంది. ఆయనే పనివాళ్ళకి చెప్తుంటారు, ఆకు మీద కొట్టండిరా, నేల మీద కొడితే నీళ్ళు పోసినట్టే అని. బతికించడానికి పెట్టాను."

"పన్నో?"

"నోరు తెరవలేదు."

డాక్టరమ్మ అటు వెళ్తూ ఆగింది. "బలవంతాన పోస్తే గడ్డం కాలేది, మెడ కాలేది. ఈయనకి లోపల తప్ప ఎక్కడా కాలలేదు. మట్టి పెట్టడం మంచిదైంది. ఇక్కడ మేం తాగించిందీ ఒక రకం మట్టే."

"అది మీ లెక్క డాక్టరుగారూ. నేను మనిషి చెప్పింది చెప్పినట్టు రాయాలి. అతను పోయాడనుకోండి, ఇదే ఆఖరి మాట అవుతుంది." నా వైపు తిరిగాడు. "ఆయన బతకాలని దణ్ణం పెట్టుకోండి. ఆయన కోసం కాకపోయినా మీ కోసం."

పెట్టుకుంటూనే ఉన్నాను.

6వ తేదీ, బుధవారం

నాలుక మీద తోలు పొరలుగా లేచింది. ఉమ్మి మింగలేక గిన్నెలో వదులుతున్నారు, రక్తంతో. స్వామీ, చూడలేకపోయాను. చూశాను.

7వ తేదీ, గురువారం

అమ్మాయి వచ్చింది. బస్సు కండక్టరు, డ్యూటీ దిగి ఖాకీ చొక్కాతోనే వచ్చింది. ఎడమవైపు నుంచి పిలిస్తే దానికి వినపడదు. పదో తరగతిలో ఉండగా ఆయన కొట్టిన దెబ్బ.

తండ్రిని గుమ్మంలో నిలబడి చూసింది. లోపలికి రాలేదు.

"ఎందుకు బతికించావమ్మా?"

"అదేం మాటే."

"టికెట్ లేనివాణ్ణి నేను తర్వాతి స్టాపులో దింపేస్తాను. నువ్వు ముప్పై ఏళ్ళు కూర్చోబెట్టుకున్నావు. తనంతట తానే దిగబోతే చెయ్యి పట్టి లాగావు."

నాకు నవ్వొచ్చింది. ఆసుపత్రిలో నవ్వానని తర్వాత బాధపడ్డాను. నా చేతి కట్టు చూసి అడిగింది. తలుపు అన్నాను. "ఏ ఇంట్లోనూ తలుపులు మనింట్లో కొరికినట్టు కొరకవు," అంది.

8వ తేదీ, శుక్రవారం

ఇవాళ లేచి కూర్చున్నారు. మూత్రం మళ్ళీ బాగా వస్తోంది. డాక్టరమ్మ ముఖం కాస్త తేలికపడింది.

ఆమె అవతలికి వెళ్ళాక నా జడ పట్టుకుని దగ్గరికి లాక్కున్నారు. నోట్లోంచి కుళ్ళిన వాసన. "నన్ను ఇంటికి రానీ. అదే పెరట్లో, అదే మట్టి. ఈసారి నువ్వు కింద, నేను పైన. నీ గొంతు నిండేదాకా పోస్తాను." మెల్లగా చెప్పారు, మందులు తెమ్మని చెప్పినట్టు. జడ వదిలి, దుప్పటి సర్దమన్నారు. సర్దాను.

పోతే జైలుకి. బతికితే ఇంటికి. దేనికని దణ్ణం పెట్టుకోను? అలవాటు కొద్దీ బతకాలనే పెట్టుకున్నాను.

10వ తేదీ, ఆదివారం

ఆయాసం మొదలైంది. మాట మధ్యలో ఆగి గాలి పీల్చుకుంటున్నారు. పక్క మంచం ముసలాయన మాస్కు పెట్టుకుని హాయిగా నిద్రపోతున్నాడు. ఆయన అటే చూస్తున్నారు.

"నాకూ పెట్టు."

"పెట్టకూడదన్నారండీ."

"ఎవత్తె అన్నది? నువ్వే చెప్పించావు. చంపుదామనే."

స్టీలు గ్లాసు విసిరారు. నా కనుబొమ్మ చిట్లి కంట్లోకి రక్తం కారింది. సిస్టర్ పరిగెత్తుకొచ్చి, "ఆంటీ, మీకూ ఒక మంచం వేయించమంటారా?" అంటూ కుట్లు వేయించింది. ఆయన చేతులు మంచం కమ్ములకి కట్టేశారు.

గ్లాసు జారిందని రాయబోయాను. విసిరారు.

11వ తేదీ, సోమవారం

తలుపు అని రాశాను. తలుపు కాదు.

అమ్మాయితో ఫోన్లో మాట్లాడానని చెయ్యి వంటింటి గట్టు మీద పెట్టించి ఇనప పెనంతో కొట్టారు. రెండో దెబ్బకి లోపల ఎముక పలికింది. కొట్టాక డబ్బా తెచ్చుకోవడం ఆయనకి మామూలే. కొట్టారని ఏడుస్తున్నదాన్ని, చస్తారేమోనని ఏడవాలి. అప్పుడు దెబ్బల సంగతి వెనకబడిపోతుంది. ప్రతిసారీ అలాగే వెనకబడింది.

పెరటి గుమ్మంలో నిలబడి మూత తీశారు. నేను పాల వైపు చూస్తున్నాను.

"పడవేం?" అన్నారు.

పాల వైపే చూశాను. పొంగి, కారి, పొయ్యి ఆరిపోయింది. అప్పుడు ఒక గుక్క నోట్లో పోసుకున్నారు. మింగి, మిగిలింది ఉమ్మేశారు. ఆ కళ్ళు చూశాను. మెట్టు ఉందనుకుని అడుగేసినవాడి కళ్ళు.

వెళ్ళి నెట్టాను. వెల్లకిలా పడ్డారు. ఛాతీ మీద కూర్చున్నాను. ఆయన చేతులు నా మోకాళ్ళ కింద. పళ్ళు బిగించారు. ముక్కు మూశాను, విరిగిన చేత్తోనే. నోరు తెరిచారు. పెట్టాను. వేళ్ళు కొరికారు. పెట్టాను. మింగు అన్నాను. మింగండి అనలేదు. పక్కన నీళ్ళ బకెట్టు ఉంది, నోట్లో పోసి మళ్ళీ పెట్టాను. మట్టిలో రాయి ఉందేమో, పన్ను ఫట్టుమంది. బతికించడానికే. ఆగితే పోతారు. బతికించడానికే.

మింగారు. గొంతు కదలడం చూశాను. కక్కారు, మళ్ళీ పెట్టాను, మళ్ళీ మింగారు. ఇక చాలు, ఆటో పిలవాలి. అది నాకు తెలుసు. అయినా ఇంకో పిడికెడు పెట్టాను. ఇంకోటి. ముఖానికి రాశాను, కళ్ళకి రాశాను. పక్కింటావిడ గోడ మీంచి కేక వేసేదాకా.

నేను మెల్లగా మాట్లాడతానని అందరూ అంటారు. ఆ రోజు నా గొంతు వీధి చివరి దాకా వినపడిందట. ఏమన్నానో నాకు గుర్తులేదు.

గుర్తుంది.

12వ తేదీ, మంగళవారం

ఉన్నదున్నట్టు రాస్తాను.

పొద్దున ఆయన వేలికి పెట్టిన మిషను మీద ఆక్సిజన్ అంకె ఇంకా తగ్గింది. మాస్కు పెట్టక తప్పదని డాక్టరమ్మ చెప్పిన హద్దు దాకా మాత్రం రాలేదు. "ఈ రెండు రోజులు గట్టెక్కితే మనిషి నిలుస్తాడు. మాస్కు దగ్గరికి రానివ్వకండి," అని నాకూ, పొద్దున్నే వచ్చిన అమ్మాయికీ ఇద్దరికీ చెప్పి వెళ్ళింది.

ఆయన అంతా విన్నారు. నమ్మలేదు. నాకు మల్లే అందరూ అబద్ధం ఆడుతున్నారనుకున్నారు. కాసేపటికి అమ్మాయిని పిలిచారు.

"మీసాలాణ్ణి... పిలువు. నేనే తాగానని... చెప్తాను. సంతకం... పెడతాను. తర్వాత... మాస్కు పెట్టండి. మీ అమ్మకి... చెప్పు."

అమ్మాయి నా వైపు చూసింది. ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్ళింది.

మీసాలాయన వచ్చాడు. ఆయన చెప్పారు, మూడు ముక్కలకోసారి ఆగి. నేనే తాగాను. మా ఆవిడ పోయలేదు. మట్టి వైద్యం కోసం పెట్టింది. కట్లు విప్పితే సంతకం పెట్టారు. మీసాలాయన కాగితం మడిచి, "దేవుడున్నాడమ్మా," అని నాతో అని వెళ్ళాడు. సిస్టర్ చేతులు మళ్ళీ కట్టి, పక్క వార్డులో ఎవరో పిలిస్తే వెళ్ళింది.

"ఊఁ," అన్నారు ఆయన. "ఇక పెట్టు."

అమ్మాయి నన్ను కిటికీ దగ్గరికి లాగింది. దాని చెయ్యి చల్లగా ఉంది.

"పెట్టేద్దాం."

"పెడితే పోతారు. నువ్వూ విన్నావుగా."

"విన్నాను. ఒక చెవితో విన్నా బాగానే విన్నాను. అడిగింది ఆయన. సంతకం అయిపోయింది. నీకు జైలూ లేదు, ఆ ఇల్లూ లేదు. నాతో వచ్చి ఉంటావు."

"పాపమే."

"ముప్పై ఏళ్ళు ఏది అడిగితే అది కాదనకుండా ఇచ్చావు. నన్ను కొట్టడానికి కర్ర అడిగితే కర్ర తెచ్చి ఇచ్చావు. ఇవాళే ఎందుకమ్మా మాట వినవు?"

అది మంచం వైపు నడిచింది. నెమ్మదిగా, బస్సులో నడిచినట్టు కమ్ములు పట్టుకుంటూ. గోడ మీంచి మాస్కు తీసింది. ఆయన మెడ చాపారు, పాలకి చాపినట్టు. కుళాయి మీద దాని వేళ్ళు పడ్డాయి. బుస్సుమంది.

మణికట్టు పట్టుకున్నాను. విదిలించుకుంది. మళ్ళీ పట్టుకుని మెలిపెట్టాను. సెలైను స్టాండు పడింది. దాన్ని గోడకి తోసి, నా కట్టు కట్టిన చెయ్యి దాని మెడ కింద అడ్డం పెట్టి నొక్కాను. "అమ్మా," అంది. అప్పుడు కుడి చెయ్యి ఎత్తాను. ఎత్తిన చెయ్యి నాది కాదనుకున్నాను. నాదే.

కొట్టాను. దాని తల గోడకి తగిలింది.

ఎడమ చెంప మీద కొట్టి ఉంటే, అటు ఇక పోయేదేమీ లేదు. నేను పెడచేత్తో కుడి చెంప మీద కొట్టాను.

కుళాయి కట్టేశాను. మాస్కు ఊడపీకి కాలితో మంచం కిందికి తోశాను. అమ్మాయి చెవి పట్టుకుని నిలబడింది. ఏడవలేదు. నా పెదవులు చూస్తోంది, నేనేదో అంటున్నానేమోనని.

"నీకు ఆయనే కావాలి," అంది, కొంచెం గట్టిగా, తన గొంతు తనకి వినపడుతోందో లేదో చూసుకున్నట్టు. "అంతేగా."

అవునన్నాను.

అది వెళ్ళాక ఆయన ఏడుస్తున్నారు. ఆయన ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. చెవి దగ్గరికి వంగి మెల్లగా చెప్పాను. "ఇవ్వను. నువ్వు బతుకుతావు."

13వ తేదీ, బుధవారం

ప్రాణం తీయడం పాపం కాబట్టి అడ్డుపడ్డాను. అలా రాసి చదువుకున్నాను. బాగానే ఉంది.

15వ తేదీ, శుక్రవారం

అంకె నిలబడింది. డాక్టరమ్మ నా భుజం తట్టి, "మీరు లేకపోతే దక్కేవారు కాదు," అంది. మంచం కమ్మి పట్టుకుని నిలబడ్డాను. సంతోషమే అయి ఉంటుంది.

అమ్మాయి ఫోన్ ఎత్తలేదు.

24వ తేదీ, ఆదివారం

ఊపిరితిత్తులు ఫొటో తీసి చూపించింది డాక్టరమ్మ. కింది సగం తెల్లగా సాలెగూడు పట్టినట్టుంది. అది ఇక పోదట. మెట్లు ఎక్కలేరు, బరువులు ఎత్తలేరు, గట్టిగా మాట్లాడలేరు. "కోపం రానివ్వకండి," అంది. "కోపానికి కూడా గాలి కావాలి."

30వ తేదీ, శనివారం

ఇంటికి వచ్చాం. ఆటో దిగి గుమ్మం దాకా రావడానికి రెండుసార్లు ఆగారు.

1వ తేదీ, సోమవారం

పొద్దున వంటింట్లో నేను ప్రార్థన చేసుకుంటుంటే వెనక నుంచి వచ్చారు. గట్టు మీది పెనం తీశారు. చూశాను, కదల్లేదు. పైకెత్తారు. భుజం దాకా వచ్చింది. అక్కడ దగ్గు పట్టుకుంది. పెనం జారి ఆయన పాదం మీదే పడింది. గోడకి ఆనుకుని, కిందికి జారి, చేప నోరు తెరిచినట్టు తెరుస్తున్నారు. పెదవులు నల్లబడ్డాయి.

ప్రార్థన సగంలో ఆపకూడదు. పూర్తి చేసి లేచాను. రెండు చంకల కింద చేతులు వేసి మంచం దాకా ఈడ్చాను. ఎంత తేలికయ్యారో.

4వ తేదీ, గురువారం

"కాసిని నీళ్ళిస్తావా?" అని అడిగారు. ఇస్తావా అన్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో తే అన్నారు, ఏదే అన్నారు. కుర్చీలో కూర్చుని ఉన్నాను. ఇంకాసేపు కూర్చుని, లేచి ఇచ్చాను.

5వ తేదీ, శుక్రవారం

ఇవాళ ఇంకొంచెం సేపు కూర్చున్నాను.

7వ తేదీ, ఆదివారం

అమ్మాయి ఇంటికి వెళ్ళాను. తలుపు కొట్టాను, పిలిచాను. లోపల గిన్నెల చప్పుడవుతోంది. వినపడలేదో, వినదలుచుకోలేదో. వచ్చేశాను.

ఇంటికి వచ్చేసరికి మంచం మీంచి పడి ఉన్నారు. తలుపు తాళం వేసుకుని వెళ్ళానని అప్పుడు గుర్తొచ్చింది.

10వ తేదీ, బుధవారం

ఇవాళ ఆయన నీళ్ళు అడగలేదు. పెదవులు ఎండి పగిలాయి. నా ముఖం ఒకసారి చూశారు, ఇప్పుడు కాదులే, తర్వాత అడుగుదాం అనుకుని కళ్ళు దించుకున్నారు. ఆ చూపు నాకు కొత్త కాదు. ఇన్నేళ్ళూ ఆ చూపు నాది.

గ్లాసు నిండా నీళ్ళు పోసి, ఆయనకి కనపడేలా, చెయ్యి అందని చోట బల్ల మీద పెట్టి, ప్రార్థనకి కూర్చున్నాను.